టీవీలో మాట స్పష్టంగా వినిపించాలంటే: అద్దె ఇంట్లో హోమ్ థియేటర్ రిసీవర్ కలుపుకొనే పద్ధతి

అమ్మ ఒంగోలు నుంచి బెంగళూరు వచ్చినప్పుడల్లా రాత్రి భోజనాలయ్యాక అందరం హాల్లో కూర్చుని సినిమా చూస్తాం. గోడకు బిగించిన పెద్ద టీవీ, కళ్లకు హాయిగా ఉండే బొమ్మ. కానీ పది నిమిషాలకోసారి అమ్మ నా వైపు తిరిగి "ఏమన్నాడురా?" అని అడిగేది. శబ్దం పెంచితే పాటలు, పోరాటాలు చెవులు చిల్లులు పొడిచేవి. తగ్గిస్తే మాటలు మళ్లీ మునిగిపోయేవి. వయసు మీద పడి చెవి మందగించిందేమోనని డాక్టరుకు చూపించాం. వినికిడి నిక్షేపంగా ఉందని చెప్పారు. లోపమంతా టీవీలోనే ఉంది. పలచని టీవీల్లో స్పీకర్లకు చోటుండదు. చాలావాటిలో అవి కిందికో వెనక్కో చూస్తుంటాయి. మాట గోడకు కొట్టుకుని, గచ్చుకు కొట్టుకుని, ఆ తర్వాత మన దగ్గరికి వస్తుంది.

మా బావగారు విదేశాలకు వెళ్తూ ఇచ్చిన రిసీవరు (టీవీ శబ్దాన్ని తీసుకుని స్పీకర్లను పలికించే పెట్టె), ఆరు స్పీకర్లు అప్పటికి ఏడాదిగా అటక మీద ఉన్నాయి. వాటిని దించి టీవీకి కలిపాక అమ్మ ఆ ప్రశ్న అడగడం మానేసింది. ఆ తర్వాత మా అపార్ట్‌మెంటులో మరో నాలుగు ఇళ్లలో ఈ పని చేసిపెట్టాను. ప్రతి ఇంట్లోనూ చూసింది ఒకటే: సామాను మంచిదే, తీగలు మంచివే, కానీ శబ్దం ఏ దారిన ఎటు వెళ్తుందో ఎవరూ చెప్పలేదు. అది తెలిస్తే మిగతా పని ఒక ఆదివారం మధ్యాహ్నం సరిపోతుంది.

ముందు రెండు పెట్టెల వెనక చూడండి

ఏదీ కొనకముందే టీవీ వెనక ఉన్న పోర్టులను ఫోనుతో ఫొటో తీయండి. గోడకు బిగించిన టీవీ అయితే తల దూరదు కాబట్టి ఫోనును పక్క నుంచి లోపలికి పెట్టి, లైటు వేసి తీయాలి. రిసీవరు వెనక కూడా అలాగే ఫొటో తీయండి. ఇప్పుడు కుర్చీలో కూర్చుని ఆ ఫొటోలను పెద్దవి చేసి నింపాదిగా చదవండి.

టీవీ మీద మూడో నాలుగో హెచ్‌డీఎంఐ పోర్టులు ఉంటాయి. వాటిలో ఒక్కదాని పక్కనే ఏఆర్‌సీ (ARC) అనో ఈఏఆర్‌సీ (eARC) అనో రాసి ఉంటుంది, టీవీ శబ్దం రిసీవరుకు వెళ్లే దారి అది. మనకు కావలసింది ఆ ఒక్కటే. రిసీవరు మీద హెచ్‌డీఎంఐ పోర్టులు రెండు జట్లుగా ఉంటాయి: ఎక్కువ సంఖ్యలో ఉన్నవి 'ఇన్', ఒకటో రెండో 'అవుట్'. ఆ అవుట్‌లలో ఒకదాని దగ్గర కూడా ఏఆర్‌సీ అని ఉందో లేదో చూడండి. రెండు పెట్టెల మీదా ఆ అక్షరాలు కనబడితే మీ పనికి ఒక్క కేబుల్ చాలు.

ఏఆర్‌సీ 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది. అంతకుముందు చేసిన రిసీవరు అయితే అందులో అది ఉండదు. అప్పుడు ఆప్టికల్ పోర్టు కోసం చూడండి. చిన్న చతురస్రాకారపు మూతతో ఉంటుంది, టీవీ వేసి ఉంటే దాని పోర్టు లోపల ఎర్రని వెలుగు కనిపిస్తుంది. ఆప్టికల్ కూడా లేని పాత పెట్టెలకు ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ పిన్నుల దారి ఎప్పుడూ ఉంటుంది. ఈ మూడింటిలో పైదాన్ని ముందు ప్రయత్నించి, కుదరకపోతే కిందికి దిగాలి.

'అవుట్' పోర్టులోకే శబ్దం రావాలి

చాలామంది తడబడేది ఇక్కడే కాబట్టి కాసేపు ఆగి చెబుతాను.

మామూలుగా హెచ్‌డీఎంఐ కేబుల్‌లో బొమ్మ, శబ్దం రెండూ టీవీ వైపే ప్రయాణిస్తాయి. సెట్‌టాప్ బాక్సు నుంచి టీవీకి, బ్లూ రే ప్లేయర్ నుంచి టీవీకి. కానీ నెట్‌ఫ్లిక్స్, యూట్యూబ్ వంటివి ఇప్పుడు టీవీలోనే నడుస్తున్నాయి. వాటి శబ్దం టీవీలోనే పుడుతుంది. అది రిసీవరుకు చేరాలంటే వెనక్కి నడవాలి. ఆ వెనక్కి నడిచే దారికే ఏఆర్‌సీ అని పేరు. హెచ్‌డీఎంఐ తలలో ఉండే 19 పిన్నుల్లో 14వది ఈ పనికి ఉపయోగపడుతుంది.

మన బుర్ర ఏమంటుందంటే: "శబ్దం రిసీవరులోకి రావాలి కదా, అయితే 'ఇన్' అని ఉన్నచోటే కేబుల్ పెట్టాలి." తర్కం సరైనదే, ఫలితం మాత్రం నిశ్శబ్దం. ఏఆర్‌సీ పనిచేసేది రిసీవరు 'అవుట్' పోర్టు నుంచి టీవీ 'ఇన్' పోర్టుకు వేసిన కేబుల్‌లో మాత్రమే. బొమ్మ రిసీవరు నుంచి టీవీకి వెళ్లే దారిలోనే, అదే కేబుల్‌లో, శబ్దం టీవీ నుంచి రిసీవరుకు తిరిగి వస్తుంది. పోర్టు మీద రాసిన 'ఇన్', 'అవుట్' బొమ్మకు సంబంధించినవి. మా పై అంతస్తులో ఉండే కడప వాళ్లింట్లో రిసీవరు పాడైందని మరమ్మతుకు ఇవ్వబోతున్నారు. వెళ్లి చూస్తే కేబుల్ 'ఇన్' 3లో ఉంది. తీసి 'అవుట్'లో పెట్టగానే పలికింది.

ఇక పనిలోకి దిగుదాం. టీవీ, రిసీవరు రెండింటి ప్లగ్గులూ గోడ నుంచి తీసేయండి. స్టాండ్‌బైలో ఉంచితే చాలదు. కేబుల్ ఒక కొసను రిసీవరు మీద ఏఆర్‌సీ అని రాసి ఉన్న 'అవుట్'లో, రెండో కొసను టీవీ మీద ఏఆర్‌సీ అని రాసి ఉన్న పోర్టులో లోపలికంటా దించండి. గోడకు ఆనుకున్న టీవీలో కేబుల్ మెడ మరీ వంగితే పోర్టు వదులవుతుంది. అలాంటిచోట లంబకోణంలో వంగిన చిన్న అడాప్టరు వాడితే నయం. తర్వాత రెండింటికీ కరెంటు ఇచ్చి, టీవీని ముందు వేసి, ఆపైన రిసీవరును వేయండి.

కేబుల్ గురించి రెండు మాటలు. ఎస్పీ రోడ్డులో తీగలు, పిన్నులు అమ్మే దుకాణాలు వరుసగా ఉంటాయి. చాలాచోట్ల తెలుగులో అడిగినా తెలుగులోనే జవాబు వస్తుంది. అక్కడ బంగారు పూత పిన్నులని, అల్లిన తొడుగని చెప్పి ఖరీదైనవి చూపిస్తారు. డిజిటల్ శబ్దం ఖరీదైన తీగలో తియ్యగా మారదు. చేరితే పూర్తిగా చేరుతుంది, లేదంటే తెగిపోతుంది. రెండు మీటర్ల దూరానికి 'హై స్పీడ్' అని రాసి ఉన్న మామూలు కేబుల్ చాలు. టీవీ, రిసీవరు రెండూ కొత్తవై, వాటి గుండా 4కే ఆటలు ఆడే ఉద్దేశం ఉంటే 'అల్ట్రా హై స్పీడ్' అని ధ్రువీకరణ ముద్ర ఉన్నది తీసుకోండి. హాలు ఈ చివర నుంచి ఆ చివరకు పది మీటర్లు లాగాలంటే మాత్రం కథ వేరు. అంత దూరానికి లోపల గాజు తీగ ఉండే కేబుల్ కావాలి. దానికి ఒక దిక్కు ఉంటుంది, టీవీ కొస ఏదో దాని మీదే రాసి ఉంటుంది. ఏఆర్‌సీకి పనికొస్తుందా అని దుకాణంలోనే అడిగి, పెట్టె మీద రాసింది చూసి కొనండి.

మెనూల్లో తిప్పాల్సినవి

కేబుల్ పెట్టగానే శబ్దం వచ్చేస్తే అదృష్టమే. చాలాసార్లు రాదు. కారణం, టీవీ రిమోటుతో రిసీవరును నడిపించే సీఈసీ అనే సౌకర్యం రెండింటిలోనూ తెరిచి ఉండాలి. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెట్టుకుంది. శాంసంగ్ టీవీలో ఎనీనెట్ ప్లస్, ఎల్జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్, ఫిలిప్స్‌లో ఈజీలింక్. పేరు ఏదైనా పని ఒకటే. టీవీ సెట్టింగుల్లో వెతికి దాన్ని ఆన్ చేయండి.

తర్వాత రిసీవరు మెనూ. హెచ్‌డీఎంఐ విభాగంలో 'హెచ్‌డీఎంఐ కంట్రోల్' అని ఒకటి, 'ఏఆర్‌సీ' లేదా 'టీవీ ఆడియో' అని మరొకటి ఉంటాయి. రెండూ ఆన్ చేయాలి. కొన్ని రిసీవర్లలో ఇవి పెట్టెలోంచి తీసినప్పుడు ఆఫ్‌లోనే ఉంటాయి. ఈ మెనూ టీవీ తెర మీద కనబడాలంటే టీవీలో ఏఆర్‌సీ పోర్టును ఇన్‌పుట్‌గా ఎంచుకోవాలి.

మళ్లీ టీవీకి రండి. 'సౌండ్ అవుట్‌పుట్' అన్నచోట టీవీ స్పీకర్లకు బదులు రిసీవరును లేదా హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీని ఎంచుకోండి. ఇప్పుడు యూట్యూబ్‌లో ఏదైనా పెట్టి చూడండి. రిసీవరు స్పీకర్లలో పలకాలి. దాని ముఖం మీద టీవీ అని ఇన్‌పుట్ పేరు కనబడాలి.

పలికింది కదా అని ఇక్కడే ఆపేస్తారు చాలామంది. దయచేసి ఆపకండి. ఇంకొక్క సెట్టింగు ఉంది, నా దృష్టిలో మొత్తం పనిలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. 'డిజిటల్ ఆడియో అవుట్‌పుట్' అనే చోట పీసీఎం, ఆటో, బిట్‌స్ట్రీమ్, పాస్ త్రూ వంటి మాటలు కనిపిస్తాయి. ఊరి నుంచి బస్సులో సామాను పంపడంతో పోల్చి చూడండి. ఆరు స్పీకర్ల శబ్దాన్ని సినిమావాళ్లు ఒక మూటగా కట్టి పంపుతారు. బిట్‌స్ట్రీమ్, పాస్ త్రూ అంటే టీవీ ఆ మూటను విప్పకుండా అలాగే రిసీవరు చేతికి ఇవ్వడం. పీసీఎం అంటే టీవీయే విప్పి, సామాన్లు విడివిడిగా పంపడం. విప్పిన సామానుకు మామూలు ఏఆర్‌సీలోనూ ఆప్టికల్‌లోనూ చోటు రెండు స్పీకర్లకే సరిపోతుంది. మిగతా నాలుగింటి శబ్దం ఆ రెండింట్లోనే కుక్కుకోవాలి. అప్పుడు మధ్య స్పీకరుకు తనదైన మాట రాదు, వెనక స్పీకర్లకు వాన శబ్దం రాదు. అందుచేత 'పాస్ త్రూ' ఉంటే అది, లేకపోతే 'ఆటో', అదీ లేకపోతే 'బిట్‌స్ట్రీమ్' లేదా 'డాల్బీ డిజిటల్' పెట్టండి. మరో ఇంట్లో ఆరు స్పీకర్లు కొని రెండేళ్లపాటు రెండింటి శబ్దమే విన్నారు. దుకాణం తరఫున వచ్చి బిగించిన అబ్బాయి ఈ ఒక్క సెట్టింగును పీసీఎంలో వదిలేసి వెళ్లాడు.

సరిగ్గా అమరిందో లేదో తెలుసుకోవడానికి రిసీవరు ముఖమే సాక్ష్యం. 5.1 శబ్దం (ఐదు స్పీకర్లకు, లోతైన మోత పలికించే ఒక సబ్‌వూఫరుకు విడివిడిగా ఇచ్చిన శబ్దం) ఉన్న సినిమా పెట్టి చూడండి. రిసీవరు చిన్న తెర మీద డాల్బీ డిజిటల్ అనో డాల్బీ డిజిటల్ ప్లస్ అనో (ఇవి మూట కట్టే పద్ధతుల పేర్లు) కనబడితే మూట విప్పకుండా వచ్చినట్టు. పీసీఎం, స్టీరియో అని కనబడితే ఎక్కడో ఎవరో విప్పేశారు. ఆ సినిమాలోనే తెలుగు ఆడియో రెండు స్పీకర్లదే కావచ్చు. ఓటీటీల్లో ఆడియో జాబితా తెరిచి, తెలుగు పక్కన 5.1 అని ఉందేమో చూసి ఎంచుకోండి. ఒక్కోసారి మూల భాషకే 5.1 ఇచ్చి, అనువాదానికి రెండు స్పీకర్ల శబ్దమే ఇస్తారు.

ఈఏఆర్‌సీ మాటేమిటంటారా? 2017లో హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చిన వెడల్పు దారి అది. ఏఆర్‌సీ సెకనుకు ఒక మెగాబిట్ మోస్తే, ఈఏఆర్‌సీ సుమారు 37 మెగాబిట్లు మోస్తుంది. బ్లూ రే డిస్కుల్లోని కుదించని శబ్దం కూడా అందులో నడుస్తుంది. మీరు చూసేది ఓటీటీలే అయితే ఏఆర్‌సీ చాలు. వాటి డాల్బీ అట్మాస్ (పై నుంచి కూడా వినిపించే శబ్దం) కూడా డాల్బీ డిజిటల్ ప్లస్‌లోనే వస్తుంది కాబట్టి దాన్ని మోయగల టీవీ అయితే ఏఆర్‌సీలోనే చేరుతుంది. ఉన్న రిసీవరును దీనికోసం మార్చనక్కర్లేదు. రెండు పెట్టెల్లోనూ ఈఏఆర్‌సీ ఉంటే మాత్రం మెనూలో దాన్ని ఆన్ చేసుకోండి.

సెట్‌టాప్ బాక్సు ఎక్కడ పెట్టాలి?

దీనికి రెండు జవాబులున్నాయి, రిసీవరు వయసును బట్టి. రిసీవరు 4కే బొమ్మను దాటించగలిగినదైతే బాక్సును దాని 'ఇన్'లో పెట్టండి. శబ్దం నేరుగా అందుతుంది, బొమ్మ టీవీకి వెళ్తుంది. రిసీవరు పాతదైతే అన్నిటినీ టీవీకే కలిపి, శబ్దాన్ని మాత్రం ఏఆర్‌సీ ద్వారా వెనక్కి తెచ్చుకోండి. బొమ్మ నాణ్యత పాత రిసీవరు దగ్గర ఆగిపోదు. పెద్దవాళ్లున్న ఇళ్లలో నేను రెండోదే ఎంచుకుంటాను. రిసీవరు వేయకుండానే పొద్దున పూట సుప్రభాతమో వార్తలో పెట్టుకోవచ్చు, టీవీ స్పీకర్లే పలుకుతాయి.

బాక్సు మెనూలో కూడా ఆడియో సెట్టింగు ఉంటుంది. అక్కడా స్టీరియో కాకుండా డాల్బీ ఎంచుకోండి. చాలా ఛానళ్లు రెండు స్పీకర్ల శబ్దమే ప్రసారం చేస్తాయి. అప్పుడు రిసీవరులో 'డాల్బీ సరౌండ్' లేదా పాత పెట్టెల్లో 'ప్రో లాజిక్' అనే పద్ధతి పెడితే మాటను వేరుచేసి మధ్య స్పీకరుకు పంపుతుంది. ధారావాహికలు చూసేవాళ్లకు దీనివల్ల కలిగే సుఖం ఇంతా అంతా కాదు.

ఏఆర్‌సీ లేనివాళ్లకు

ఆప్టికల్ కేబుల్ రెండు కొసలకూ ఉన్న ప్లాస్టిక్ తొడుగులు తీసి, పలకగా ఉన్న వైపు చూసుకుని గుచ్చండి. టక్కుమని చిన్న చప్పుడు వినిపించాలి. లోపల నడిచేది వెలుగు కాబట్టి దాన్ని మడత పెట్టకూడదు, తలుపు సందులో నలగకూడదు. డాల్బీ డిజిటల్ 5.1 ఇందులో చక్కగా వస్తుంది, డాల్బీ డిజిటల్ ప్లస్ రాదు. అందుచేత టీవీలో 'డాల్బీ డిజిటల్' అని ఖాయంగా పెట్టండి. శబ్దం పెంచడానికి, తగ్గించడానికి రిసీవరు రిమోటే వాడాలి, టీవీ స్పీకర్లను ఆఫ్ చేయాలి.

ఎరుపు, తెలుపు పిన్నుల దారిలో రెండు స్పీకర్ల శబ్దమే వస్తుంది. టీవీకి హెడ్‌ఫోన్ పోర్టు ఒక్కటే ఉన్నా 3.5 మిల్లీమీటర్ల పిన్ను నుంచి రెండు ఆర్‌సీఏలుగా చీలే తీగతో పని జరుగుతుంది. పైన చెప్పిన డాల్బీ సరౌండ్ పద్ధతి దీనికీ వర్తిస్తుంది. మాట స్పష్టత విషయంలో టీవీ స్పీకర్లతో పోలిస్తే ఇది కూడా ఎంతో మేలు.

స్పీకర్లు, ముఖ్యంగా మధ్యది

సినిమాలో మాటలన్నీ దాదాపు మధ్య స్పీకరు నుంచే వస్తాయి. ఆరింటిలో దీనికే నేను ఎక్కువ సమయం ఇస్తాను. టీవీకి సరిగ్గా కింద, సొరుగుల బల్ల అంచు దాకా ముందుకు జరిపి పెట్టండి. వెనక్కి నెట్టి పెడితే బల్ల పైభాగానికి తగిలిన శబ్దం మాటను మసకబారుస్తుంది. మన చెవికన్నా కింద ఉంటుంది కాబట్టి ముందు భాగం కింద రెండు రబ్బరు ముక్కలు పెట్టి, కూర్చున్నవాళ్ల ముఖం వైపు కాస్త ఎత్తండి. దాని ముందు ఫొటోలు, బొమ్మలు పెట్టకండి. బొమ్మల కొలువు పెట్టే రోజుల్లో మా ఇంట్లో కూడా ఈ ఒక్క చోటూ ఖాళీగానే ఉంటుంది.

ఎడమ, కుడి ముందు స్పీకర్లు కూర్చునే చోటుతో కలిపి సమబాహు త్రిభుజం అయ్యేలా ఉంటే బాగుంటుంది. వెనకవి అని పిలిచే రెండూ నిజానికి సరిగ్గా వెనక ఉండక్కర్లేదు. 5.1 అమరికలో అవి కూర్చున్నవాళ్లకు పక్కన, కొద్దిగా వెనకగా, చెవికన్నా ఒక అడుగు ఎత్తులో ఉండాలి. బెంగళూరు ఫ్లాట్లలో సోఫా వెనక గోడను ఆనుకునే ఉంటుంది కాబట్టి ఈ సంగతి మనకు వరమే. అద్దె ఇంట్లో మేకులు కొట్టనివ్వకపోతే స్టాండ్లు తెచ్చుకోండి, లేదా పుస్తకాల బీరువా పైభాగం వాడండి.

స్పీకరు తీగ 16 గేజిది చాలు. గేజి సంఖ్య తగ్గేకొద్దీ తీగ లావవుతుంది. వెనక స్పీకర్లకు చాలా దూరం లాగాల్సి వస్తే 14 తీసుకోండి. కొస దగ్గర ఒక సెంటీమీటరు తొడుగు ఒలిచి, పోగులను మెలిపెట్టి, ఎరుపును ఎరుపులో, నలుపును నలుపులో బిగించండి. ఒక్క పోగు కూడా పక్క పిన్నుకు తగలకూడదు, తగిలితే రిసీవరు తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. ఎరుపు, నలుపు ఒక స్పీకరుకు తారుమారైతే ప్రమాదమేమీ లేదు కానీ శబ్దం బలహీనంగా, ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా ఉంటుంది. ఈ పని మొత్తం ప్లగ్గు తీసే చేయాలి.

సబ్‌వూఫరుకు ఒకే ఒక్క ఆర్‌సీఏ తీగ. రిసీవరు మీద 'సబ్‌వూఫర్ అవుట్', దాని మీద 'ఎల్ఎఫ్ఈ' అని ఉన్నచోట పెట్టండి. దాని వెనక ఉండే క్రాస్ఓవర్ (ఏ స్థాయికి కింది శబ్దం దానికి వెళ్లాలో చెప్పే) మీటను ఎక్కువ సంఖ్య వైపు చివరికంటా తిప్పేయండి, ఆ లెక్క రిసీవరే చూసుకుంటుంది. రిసీవరులో చిన్న స్పీకర్లను 'స్మాల్' అని, క్రాస్ఓవర్ 80 హెర్ట్జ్ అని పెడితే ఎక్కువ ఇళ్లకు నప్పుతుంది. గది మూలకు నెడితే మోత పెరుగుతుంది, మాట దాని కింద పడుతుంది. మూల నుంచి రెండడుగులు ఇవతలికి లాగి చూడండి. ఫ్లాటు కాబట్టి దాని కింద మందపాటి రబ్బరు చాప వేయండి. కింది ఇంటి పైకప్పే మన నేల. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెళ్లు దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ఆ వేళల్లో రిసీవరులోని 'నైట్ మోడ్' వాడితే పేలుళ్లు తగ్గి, మాటలు నిలబడతాయి.

మైకుతో కొలత

రిసీవరుతో పాటు చిన్న మైకు ఒకటి వచ్చి ఉంటుంది. చాలా ఇళ్లలో అది పెట్టెలోనే ఉండిపోతుంది. డెనాన్‌లో ఆడిసీ, యమహాలో వైపావో అని పిలిచే కొలత పద్ధతికి అది అవసరం. మైకును మీరు కూర్చునే చోట చెవి ఎత్తున నిలబెట్టండి. చేత్తో పట్టుకోవద్దు, సోఫా మీద పడేయవద్దు. ఫోను స్టాండో, ఒకదానిపై ఒకటి పెట్టిన డబ్బాలో చాలు. ఫ్యాన్లు ఆపండి, వంటింట్లో కుక్కరు కూత అయిపోయేదాకా ఆగండి, పిల్లలను కాసేపు బయటికి పంపండి. స్పీకర్లు ఒక్కొక్కటిగా చప్పుడు చేస్తాయి, రిసీవరు దూరాలను, స్థాయులను లెక్కగట్టుకుంటుంది.

అది అయ్యాక నేను చేతితో ఒక్కటే మారుస్తాను. మధ్య స్పీకరు స్థాయిని 2 లేదా 3 డెసిబెళ్లు పెంచుతాను. అమ్మ కూర్చునే చోట నేనే కూర్చుని, నెమ్మదిగా మాట్లాడుకునే ఒక సన్నివేశం పెట్టి వింటాను. అమ్మ వింటున్నప్పుడు ముఖం చూస్తాను. ఆమె ముందుకు వంగి వినడం మానేస్తే అక్కడ ఆపేస్తాను. హాలంతా నున్నని టైల్సు, ఖాళీ గోడలు అయితే ఎంత పెంచినా మాట గింగిరాలు తిరుగుతుంది. సోఫా ముందు ఒక జంపఖానా, కిటికీలకు మందపాటి పరదాలు వేస్తే రిసీవరు మార్చినంత తేడా వస్తుంది.

పలకకపోతే, తేడాగా పలికితే

నిన్నటిదాకా పలికిన ఏఆర్‌సీ ఈ రోజు మూగబోతే ముందు రెండింటి ప్లగ్గులూ గోడ నుంచి తీసి, ఐదు నిమిషాలు ఆగి, టీవీ, తర్వాత రిసీవరు అనే వరుసలో వేయండి. కరెంటు పోయి వచ్చినప్పుడు ఇవి ఒకదాన్నొకటి మరిచిపోతుంటాయి. అప్పటికీ రాకపోతే సీఈసీని రెండింటిలోనూ ఆపి మళ్లీ వేయండి. ఆ తర్వాత కేబుల్ మార్చండి.

మాట ముందు, పెదవుల కదలిక వెనక అయితే, టీవీ బొమ్మను మెరుగుపెట్టడానికి తీసుకునే సమయమే సాధారణంగా కారణం. అప్పుడు రిసీవరులో 'ఆడియో డిలే' పెంచండి, 20 మిల్లీసెకన్ల చొప్పున. మాట వెనకబడితే ఆ డిలేను సున్నాకు తెచ్చి, టీవీలో 'పాస్ త్రూ' పెట్టి చూడండి.

పెన్‌డ్రైవ్‌లోని సినిమాకు బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే ఆ ఫైలులో డీటీఎస్ (డాల్బీ లాంటిదే మరో పద్ధతి) శబ్దం ఉండవచ్చు. కొన్ని టీవీలు డీటీఎస్‌ను విప్పవు, ముందుకు పంపవు. ఆ ఫైలును రిసీవరుకు నేరుగా కలిపిన ప్లేయరులో నడిపితే పలుకుతుంది.

స్పీకర్లలో ఎడతెగని 'హుమ్' వినిపిస్తే కేబుల్ టీవీ లేదా డిష్ నుంచి వచ్చే తీగను బాక్సు నుంచి ఊడదీసి చూడండి. హుమ్ ఆగిపోతే ఆ తీగ ఎర్త్‌కూ ఇంటి ఎర్త్‌కూ మధ్య తేడా ఉందన్నమాట. దానికి మధ్యలో పెట్టే ఐసొలేటర్ దొరుకుతుంది. టీవీ, రిసీవరు, బాక్సు మూడూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి కరెంటు తీసుకునేలా కూడా చూడండి. ప్లగ్గులోని ఎర్త్ పిన్నును విరగ్గొడితే హుమ్ పోతుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, ప్రాణం మీదికి వస్తుంది. విదేశాల నుంచి వచ్చిన రిసీవర్లయితే వెనక ఎన్ని వోల్టులని రాసిందో చదవాలి. 120 అని ఉంటే మన 230 వోల్టుల సాకెట్లో నేరుగా పెట్టకూడదు, దాని వాటేజికి తగిన స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కావాలి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఇక్కడ ఉరుములతో వాన దంచుతుంది. ఆ వేళల్లో ప్లగ్గులతో పాటు డిష్ తీగను కూడా ఊడదీయడం మరిచిపోవద్దు.

రిసీవరు వేడెక్కుతుంది. పైన కనీసం జానెడు ఖాళీ ఉంచండి, తలుపులున్న షోకేసులో మూసిపెట్టకండి, దాని మీద సెట్‌టాప్ బాక్సు పెట్టకండి.

అంతా పలికాక ప్రతి తీగ రెండు కొసలకూ తెల్ల టేపు చుట్టి, పెన్నుతో పేరు రాయండి: 'టీవీ ఏఆర్‌సీ', 'మధ్య', 'ఎడమ ముందు', 'కుడి వెనక'. రిసీవరు వెనక, టీవీ మెనూల పేజీలు ఫోనులో ఫొటో తీసి దాచుకోండి. పదకొండు నెలల ఒప్పందం ముగిసి ఇల్లు మారినప్పుడు, సామాను దించిన రాత్రే మళ్లీ కలుపుకోవడానికి అవి పనికొస్తాయి. ఇంట్లో పెద్దవాళ్ల కోసం ఇంకో చీటీ రాసి టీవీ రిమోటు వెనక అతికించండి. మా ఇంట్లో దాని మీద మూడు వరుసలున్నాయి: ఎర్ర బటన్ నొక్కితే రెండూ వెలుగుతాయి. ఈ బాణంతోనే శబ్దం. మాట రాకపోతే రెండు ప్లగ్గులూ తీసి, ఐదు నిమిషాలాగి పెట్టు అమ్మా.